లెక్కకు దొరకని డ్రమ్ము

తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోయే జాతి మనది. మృదంగం ఆయన చెమటలు కక్కుతూ వాయిస్తూంటాడు, మనం కాంటీను ముందు నిలబడి ఇడ్లీ వేడిగా వుందా అని వాకబు చేస్తూంటాం. నేనూ ఆ పాపం చేసినదాన్నే. అందుకని, 2009లో న్యూయార్కు వెళ్ళినప్పుడు మా అన్నయ్య కొడుకు, "అత్తా, ఒక డ్రమ్ముల ఆయన కచేరీ వుంది. 78 ఏళ్ళాయన. నువ్వు చూసి తీరాలి" అంటే నాకేమీ ఉత్సాహం కలగలేదు. డ్రమ్ములంటే పెళ్ళి ఊరేగింపులో చెవులు మూసుకునే బ్యాండుమేళమే నాకు తెలిసింది.

విలేజ్ వాన్‌గార్డ్ అనే ఆ క్లబ్బు సెవెన్త్ ఎవెన్యూలో ఓ నేలమాళిగ. 1935 నుంచీ వుంది. ఇరుకు మెట్లు, అవీ నిటారుగా. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, దేవుడిమీద భారం వేసి దిగాను. క్లబ్బు అనగానే మన సినిమాల్లో విలన్ కూర్చునే చోటు అనుకునేరు! అదేం లేదు. మూడుమూలల గది, గోడలనిండా వెనకటి వాయిద్యకారుల ఫొటోలు, అరచేతులంతేసి బల్లలు, వేదిక వెనక ఎర్రటి తెర. కిక్కిరిస్తే 123 మంది. వాయిస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. మన సభలవాళ్ళు ఒక్కసారి చూసి రావలసిన రూలు! 1989లో మాక్స్ గోర్డన్ పోయాక ఆయన భార్య లొరేన్ ఆ పెత్తనమంతా భుజాన వేసుకుంది. 2018లో 95వ ఏట కన్నుమూసేదాకా అక్కడ ఆవిడదే రాజ్యం.

డ్రమ్ముల ఆయన పేరు పాల్ మోషియన్. నున్నటి గుండు, నల్లకళ్ళద్దాలు. మా బల్లకీ ఆయనకీ మధ్య రెండు బారల దూరం. ఒకపక్క సాక్సఫోనుతో జో లొవానో, ఇంకోపక్క గిటారుతో బిల్ ఫ్రిజెల్. 1984లో ఈ ముగ్గురి మొదటి రికార్డు తయారైంది. అంటే పాతికేళ్ళ కాపురం. మామూలుగా జాజ్ బృందంలో నిలువెత్తు బేస్ ఒకటి వుంటుంది. అడుగున అది నడుస్తూంటే, ఆ నడకమీద మిగతావాళ్ళు ఎగురుతారు. వీళ్ళకి ఆ బేస్ లేదు. మరి తాళం ఎవరు చూస్తారు?

నేను చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను. తాళం తప్పితే మా మాస్టారు వేలికణుపుల మీద పెన్సిలుతో కొట్టేవారు. అంచేత పాట మొదలవగానే నా చెయ్యి దానంతటదే తొడమీద పడింది. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు... అక్కడే తప్పిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తప్పాను. ఆయన ఒక దెబ్బ కొట్టి, రెండోది పడుతుందని నేను కాచుక్కూచున్న చోట వూరుకుంటున్నాడు. నేను ఆశ వదులుకున్న చోట ఇత్తడిపళ్ళెం మీద "చిన్" అని ఒక్కటి తగిలిస్తున్నాడు.

"ఎన్ని అక్షరాలురా?" అన్నాను చెవిలో.

"లెక్కపెట్టకు అత్తా!" అన్నాడు వాడు, పక్కబల్లవాళ్ళ చూపులకి ముడుచుకుపోతూ.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు జాలేసింది. ముసలాయన, చేతుల్లో సత్తువ తగ్గింది, పేరుంది కనక జనం వస్తున్నారు అనుకున్నాను. మనకీ కొత్తేం కాదుగా, గొంతు పోయిన విద్వాంసుల్ని పేరు చూసి వినడం.

నా అనుమానం మూడోపాటలో వదిలింది. నిదానమైన పాట. ఆయన కర్రలు పక్కన పెట్టి, తీగలకుంచెల్లాంటి బ్రష్షులు తీసుకున్నాడు. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. సాక్సఫోను ఒక వాక్యం అనేసి ఆగింది. ఆ ఖాళీలో డ్రమ్ము ఏదో అంటుందనుకున్నాను. ఏమీ అనలేదు, చెయ్యి గాల్లో వుంది, అంతే. అయినా ముగ్గురూ ఒక్కచోటే దిగారు, కళ్ళతోనైనా సైగ చేసుకోకుండా! తాళం ఎటూ పోలేదు. పైకి వెయ్యడం మానేశారు, అంతే. వంటిల్లంతా చేతికొచ్చిన మనిషి ఉప్పు కొలిచి వేస్తుందా?

ఇంటికొచ్చాక మావాడు చెప్పిన కథతో మరీ ఆశ్చర్యపోయాను. ఇదే గదిలో, 1961 జూన్ 25, ఆదివారంనాడు, బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బేస్, ఈయన డ్రమ్ములు. ఆరోజు చేసిన రికార్డు ఈనాటికీ జాజ్ ప్రియులకి పారాయణగ్రంథం. అప్పుడీయనకి 30 ఏళ్ళు. 11 రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు, 25వ ఏట. తరవాత కూడా ఎవాన్స్ దగ్గర వాయించి వాయించి, 1964లో కాలిఫోర్నియాలో కచేరీలు సగంలో వుండగానే వదిలేసి వచ్చేశాడట. ఎందుకంటే, రాన్రాను మరీ మెల్లగా వాయించాల్సి వచ్చి, అసలు వాయిస్తున్నట్టే లేదనిపించిందట!

మెల్లగా వాయించమంటే అలిగి వచ్చేసిన మనిషి, 78వ ఏట వాయించకుండా కూర్చున్నాడు. ఒకరు నోరు నొక్కితే మాట్లాడకపోవడం వేరు, అనదల్చుకున్నది ఇంతే అని వూరుకోవడం వేరు. అత్తవారింట్లో కొన్నాళ్ళు కాపురం చేసిన వాళ్ళెవరికీ ఈ తేడా విప్పి చెప్పనక్కర్లేదు. ఆయన వూరుకున్నప్పుడు గదిలో అందరూ ముందుకి వంగడం నేను చూశాను.

అన్నీ నచ్చాయనను. ఒక పాటలో గిటారాయన పాదాల దగ్గరి పెట్టెలేవో నొక్కి, వాయించిన ముక్కే మళ్ళీ మళ్ళీ తిరిగేట్టు చేశాడు. మర పని, డ్రమ్మాయన చేతి ముందు వెలవెలబోయింది. ఇంకోపాటలో ముగ్గురూ ఒకేసారి వాదులాటకి దిగితే నాకు తలనొప్పి వచ్చింది. మావాడికి అదే అన్నిటికన్నా గొప్పగా వుందిట. మోషియన్ సొంతపాటలు మాత్రం జోలపాటలంత చిన్నవి. అలా రాసేవాడికి చేతినిండా దెబ్బలెందుకు?

చివరి సంవత్సరాల్లో ఆయన ఆ ఊరు వదిలి కచేరీలకి వెళ్ళడం మానేశాడు. 2011 నవంబరు 22న పోయాడు.

ఆ 1961 రికార్డు మావాడు నాకు పంపించాడు. వింటూంటే పాటల వెనక గ్లాసుల గలగల, ఎవరివో కబుర్లు. అప్పట్లో ఆ రూలు అంత గట్టిగా వున్నట్టు లేదు. ఆ సందడిలో బ్రష్షు చప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటాను. కుక్కరు కూతపెడితే పోతుంది. మా కోడలు వెళ్ళి స్టవ్ కట్టేసి వస్తుంది. నేను సూది లేని పాత అలవాటుకొద్దీ, "మళ్ళీ మొదట్నించి పెట్టమ్మా" అంటాను.