పానుమ్ గ్రంథము: అరువదియైదేండ్ల సాక్ష్యము

తట్టు ఒకసారి పోసినవారికి మరల పోయదని తెలుగు పల్లెలలో పెద్దలు చెప్పుదురు. లోకానుభవముగానున్న ఈ మాటను లెక్కలతో పరీక్షించిన తొలి గ్రంథములలో ముఖ్యమైనది పీటర్ పానుమ్ రచన. 1846లో ఫారో దీవులలో తట్టు చెలరేగినపుడు డెన్మార్కు ప్రభుత్వము పంపిన యువవైద్యులలో ఇతడొకడు. మరుసటి ఏడు తన పరిశీలనలను ప్రకటించెను.

ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఆ దీవులలో 1781లో తట్టు వ్యాపించెను. తరువాత 65 ఏండ్లు దాని జాడ లేదు. 1846 మార్చిలో కోపెన్‌హేగన్ నుండి వచ్చిన ఒక వడ్రంగితో వ్యాధి మరల ప్రవేశించెను. కొద్ది నెలలలోనే 7,782 మంది జనులలో దాదాపు 6,000 మందికి సోకెను. అయితే పానుమ్ విచారించినంతలో, 1781లో తట్టు పోసిన వృద్ధులొక్కరును జబ్బుపడలేదు. అట్టివారిని 98 మందిని అతడు స్వయముగా చూచెను. చిన్ననాడు తట్టు పోయని వృద్ధులు మాత్రము వ్యాధి తగిలినపుడు తప్పించుకొనలేకపోయిరి.

గ్రంథమునకుగల బలమంతయు ఈ పోలికలోనున్నది. రక్షణ వయస్సువలన కలిగినది కాదని రెండవ జట్టు నిరూపించుచున్నది. నడుమ దీవులలో తట్టు లేదు గనుక, మాటిమాటికి తగులుటచే రక్షణ నిలిచినదనుటకును వీలులేదు. వైరస్‌లను ఎవరును కనుగొనని కాలమున ఇట్టి తర్కము మెచ్చదగినది.

లోపములు లేకపోలేదు. 1781 నాటి తట్టుకు ముఖ్యాధారము వృద్ధుల జ్ఞాపకమే. రక్తపరీక్షలు లేని ఆ రోజులలో, పైకి కనపడని స్వల్పమైన సోకును గుర్తించు మార్గము లేదు. వ్యాధి రాలేదని పానుమ్ చూపెనేగాని, వైరస్ లోనికి పోలేదని కాదు.

ఇక ఈ ఫలితమును అన్ని వ్యాధులకు అన్వయించుట చదువరుల పొరపాటు. తట్టు వైరస్ పైతొడుగు అంతగా మారదు. పైగా అది ఒడలంతయు వ్యాపించి దద్దురుగా కనిపించుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆలోగా రక్తములోని జ్ఞాపకకణములు మేల్కొని ప్రతిరక్షకములను తయారు చేయగలవు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తరచు రూపు మార్చుకొనును. శ్వాసమార్గములోనే రెండు మూడు దినములలో జబ్బు కలిగించును. జలుబు కలిగించు కరోనా వైరస్‌లు ఏడాదికే మరల సోకగలవని 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపిరి. టీకాల సంగతియు అంతే. గోమశూచి సోకినవారికి మశూచి ఎన్నటికిని రాదని జెన్నర్ 1798లో వ్రాసెను. కాని 1874లో జర్మనీ పన్నెండవ ఏట రెండవ టీకాను నిర్బంధము చేయవలసివచ్చెను.

తట్టే చిరకాల రక్షణ నిచ్చుచుండగా టీకా ఎందుకని కొందరడుగుదురు. ఆ రక్షణకు చెల్లించు వెల పెద్దది. టీకా పొందని పిల్లలలో తట్టు, ఇతర వ్యాధులనుండి కాపాడు ప్రతిరక్షకములలో 11 నుండి 73 శాతము వరకు తుడిచివేసెనని 2019లో ఒక పరిశోధన వెల్లడించెను. టీకావలన కలిగిన ప్రతిరక్షకములు కాలక్రమమున కొంత తగ్గును. అయినను రెండు మోతాదులు పొందినవారిలో నూటికి 97 మందికి ఆ నష్టము లేకుండనే రక్షణ లభించును. అది సాధారణముగా చిరకాలము నిలుచును.

పానుమ్ గ్రంథమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయుడు ఆ 98 మంది వృద్ధులతోపాటు, 1846లో తట్టుకు బలియైనవారిని గూడ విద్యార్థులకు గుర్తుచేయవలెను.