ఒక్క రంగులో సూర్యుడు

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఆ కాసేపట్లో సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూశాడు. హైడ్రోజన్ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపించాలి అనిపించింది ఆయనకు. మర్నాడు చూశాడు, కనిపించాయి. పొద్దున్నే నేను మేడ మీద చేసే సూర్యుడి ఫొటోగ్రఫీకి మూలం ఆ గుంటూరు పరిశీలనే.

నా టెలిస్కోపులోని ఫిల్టరు ఆ హైడ్రోజన్ గీతల్లో ఒకటైన 656.3 నానోమీటర్ల దగ్గరి ఎరుపును, అదీ నానోమీటరులో పదో వంతైనా లేని సన్నటి పట్టీని మాత్రమే రానిస్తుంది. మనం రోజూ చూసే సూర్యుడి ఉపరితలం వెలుగు ముందు, దాని పైనున్న పలుచని వాయుపొర, క్రోమోస్ఫియర్, వెలవెలబోతుంది. అయితే కింది నుంచి వచ్చే ఈ ఒక్క ఎరుపును ఆ పొరలోని హైడ్రోజన్ చాలావరకు అడ్డుకుంటుంది. కాబట్టి ఈ రంగులో చూస్తే ఆ పొరే బయటపడుతుంది. సూర్యబింబం మీద నల్లటి తాడులా పడి ఉండే ఫిలమెంటు, సూర్యుడి భ్రమణంతో అంచుకు చేరాక వెలిగే జ్వాలగా కనిపిస్తుంది. రెండూ ఒకటే వాయువు. దాన్ని పైన నిలబెట్టేది అయస్కాంత క్షేత్రం. ఈ సంగతి ఎన్ని పుస్తకాల్లో చదివినా, ఒకే ఫిలమెంటును రోజూ వెంబడించి అంచున పట్టుకున్నప్పుడే నాకు నిజంగా బోధపడింది.

నేల వేడెక్కకముందే పని మొదలవ్వాలి. నలుపు తెలుపు కెమెరాతో చిన్న వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములు ఏరి కలుపుతాను. బింబానికి ఒక ఎక్స్‌పోజరు, అంచు జ్వాలలకు అంతకన్నా ఎక్కువ. తేదీ, సమయం తప్పకుండా రాస్తాను. ఎందుకంటే ఒక్క ఫొటో అందమే ఇస్తుంది, వరసగా తీసినవి జ్ఞానం ఇస్తాయి. కొడైకెనాల్ అబ్జర్వేటరీ 1904 నుంచి కాల్షియం కాంతిలో, 1912 నుంచి హైడ్రోజన్ కాంతిలో తీసిన ఫొటోల విలువంతా ఆ వరసలోనే ఉంది. శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు అతినీలలోహిత కాంతిలో అదే పని చేస్తోంది.

మన కాలేజీల్లో ఇలాంటి టెలిస్కోపు ఒకటైనా ఉండాలి. పిల్లలు వంతులవారీగా రోజూ ఫొటో తీసి దాచాలి. ఒక్క మాట మాత్రం మరవొద్దు: సూర్యుడి కోసమే తయారుచేసిన ఫిల్టరు లేకుండా ఏ టెలిస్కోపులోంచీ సూర్యుణ్ని చూడకండి, చూపు పోతుంది.