ఎడ్ డ్వైట్‌కి దక్కనిది కలేనా?

2024 మే 19న అమెరికాలో పశ్చిమ టెక్సాస్ నుంచి బ్లూ ఆరిజిన్ రాకెట్ ఆరుగురిని పైకి తీసుకెళ్ళి, దాదాపు పది నిమిషాల్లో కిందికి దించింది. అందులో విజయవాడలో పుట్టిన పైలట్ తోటకూర గోపీచంద్ ఉన్నాడు కాబట్టి తెలుగు పత్రికలకి అది మన వార్త అయింది. అదే క్యాప్సూల్‌లో 90 ఏళ్ళ నల్లజాతి మనిషి ఎడ్ డ్వైట్ కూడా ఉన్నాడు. ఆయన గురించి మేం చదివిన కథనాల వరస దాదాపు ఒకటే: అడ్డంకులన్నీ దాటి 60 ఏళ్ళ కల నెరవేర్చుకున్నాడని. ఆయన వెళ్ళినందుకు మాకూ సంతోషమే. ఆ వాక్యం మీదే మా అభ్యంతరం.

డ్వైట్ 1933లో కాన్సస్ సిటీలో పుట్టాడు. చిన్నప్పుడు ఆయన మోజంతా బొమ్మల మీద. ఇంజనీరింగ్ చదవమన్నది తండ్రి. వాయుసేనలో పనిచేస్తూనే 1957లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. వ్యోమగామి కావడమన్నది ఆయన పుట్టుకతో తెచ్చుకున్న కోరికేం కాదు. 1961లో ప్రభుత్వం నుంచే ఆహ్వానం వచ్చింది. కెనడీ ప్రభుత్వానికి ఒక నల్లజాతి వ్యోమగామి కావాల్సొచ్చాడు. నల్లజాతి పత్రికలు ఆయన ఫొటో ముఖచిత్రంగా వేసుకున్నాయి. ఎడ్వర్డ్స్ స్థావరంలో శిక్షణ పూర్తయింది. నాసాకి వాయుసేన సిఫార్సు చేసినవాళ్ళలో ఆయన పేరుంది. 1963 అక్టోబరులో నాసా ప్రకటించిన 14 మందిలో మాత్రం లేదు. మరుసటి నెల కెనడీ హత్య జరిగింది. 1966లో డ్వైట్ వాయుసేనకి రాజీనామా ఇచ్చేశాడు.

ఈ ఘట్టాన్ని తెలుగులో ఎట్లా రాస్తామో చూడండి. ‘ఎంపిక కాలేకపోయాడు’ అంటాం. ‘ఎంపిక చెయ్యలేదు’ అనం. మొదటి మాటలో లోటు ఆ మనిషిది. రెండో మాట రాస్తే, చెయ్యనిది ఎవరయ్యా అని అడగాల్సొస్తుంది. ‘అడ్డంకులు’ అనే మాటదీ ఇదే గుణం. వానా ఎండా లాగా అవి వాటంతటవే వచ్చి పడ్డట్టు ఉంటుంది.

ఆ శిక్షణ సంస్థ అధిపతి చక్ యేగర్ తనని వెలివేసినట్టు చూడమని తోటివాళ్ళకి చెప్పాడని డ్వైట్ అంటాడు. యేగర్ దీన్ని ఒప్పుకోలేదు. వివక్ష ఏమీ లేదు, డ్వైట్ సగటు పైలట్ మాత్రమే అన్నది ఆయన వాదన. ఈ వాదన మనకి కొత్తా? 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపినవాళ్ళు మాట్లాడింది ఈ ‘ప్రతిభ’ గురించే గదా. విశ్వవిద్యాలయాల్లో రిజర్వుడు పోస్టులకి ఇంటర్వ్యూలు పెట్టి, ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అని రాసి ఖాళీగా వదిలెయ్యడం చూస్తూనే ఉన్నాం. అక్కడ కూడా అభ్యర్థి ‘ఎంపిక కాలేకపోయాడు’.

కల అన్నారంటే ఇక హక్కు మాట రాదు. కల తీరకపోతే జాలిపడతారు, తీరితే చప్పట్లు కొడతారు. ఉద్యోగం ఇవ్వకపోతే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. 2016లో రోహిత్ వేముల రాసి వెళ్ళిన ఉత్తరంలో నక్షత్రాల మాటే చాలామందికి గుర్తుండిపోయింది. తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ బకాయి లెక్క కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

పైగా ఆ 60 ఏళ్ళూ డ్వైట్ ఆకాశం కేసి చూస్తూ కూచోలేదు. ఐబీఎంలో చేశాడు, ఇళ్ళ వ్యాపారం చేశాడు, తిండి హోటలు నడిపాడు. 1974లో కొలరాడో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన నల్లజాతి నాయకుడు జార్జ్ బ్రౌన్ ప్రోత్సాహంతో శిల్పాల వైపు తిరిగాడు. 1977లో, 40 దాటాక, డెన్వర్ విశ్వవిద్యాలయంలో శిల్పకళలో పట్టా తీసుకున్నాడు. వందకి పైగా స్మారకాలు పోతపోశాడు. డెట్రాయిట్ నది ఒడ్డున 2001లో నిలబెట్టిన కంచు మనుషులు బానిసత్వం నుంచి తప్పించుకుని అవతలి ఒడ్డు కెనడా కేసి చూస్తుంటారు. ఆ స్మారకంలో రెండో సగం నదికి అవతల, విండ్సర్‌లో ఉంది. చరిత్ర పుస్తకాలు వదిలేసిన మనుషుల్ని ఆయన ఊళ్ళ నడిమధ్య నిలబెట్టాడు. మా లెక్కలో ఆయన జీవితకాలపు పని ఇది. పది నిమిషాల ప్రయాణం కథనంలో దీనికి దక్కింది ఒకటి రెండు వాక్యాలు.

ఆ ప్రయాణం ఖర్చు స్పేస్ ఫర్ హ్యుమానిటీ వంటి సంస్థలు పెట్టుకున్నాయి. రాకెట్టు జెఫ్ బెజోస్ కంపెనీది. పిలిచి, తయారుచేసి, చివరికి పక్కనబెట్టిన ప్రభుత్వం ఈ కథనాల్లో ఎక్కడా దోషిగా కనపడదు.

మనసుపెట్టి చూడాల్సింది ‘ది స్పేస్ రేస్’ అనే డాక్యుమెంటరీ. లీసా కోర్టెస్, డియెగో హుర్టాడో డి మెండోజా 2023లో తీశారు. ఇందులో డ్వైట్ ఒంటరి వీరుడు కాడు. గైయన్ బ్లూఫోర్డ్, చార్ల్స్ బోల్డెన్ వంటి వాళ్ళతో కలిసి ఒక చరిత్రలో భాగం. అయితే ‘మొదటివాడు’ల వరస చూపించే సినిమాలకి ఒక చిక్కుంది. 1983లో బ్లూఫోర్డ్ వెళ్ళడంతో 1963కి జవాబు దొరికినట్టు అనిపిస్తుంది. మధ్యలో ఇరవయ్యేళ్ళు పోయాయి. వాయుసేన సొంత అంతరిక్ష కార్యక్రమానికి 1967లో ఎంపికైన రాబర్ట్ లారెన్స్ అదే ఏడాది విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆఫ్రికన్ సంతతి మనిషిని మొదట అంతరిక్షంలోకి పంపింది కూడా అమెరికా కాదు. 1980లో క్యూబా పైలట్ తమాయో మెండెజ్ సోవియట్ నౌకలో వెళ్ళాడు.

ఈ చిత్రం బ్లూ ఆరిజిన్ ప్రయాణానికి ముందు తీసింది. అందుకని ఇందులో డ్వైట్ ఇంకా వెళ్ళనివాడిగానే మాట్లాడతాడు. మాకు అదే మేలనిపించింది.