ముందు కొట్టే మందు

అమెరికా అద్దె ఇళ్లలో కార్పెట్ కడిగేవాడి నేర్పంతా వేడినీళ్ల యంత్రంలో ఉందనుకుంటాం. నన్నడిగితే, అంతకుముందు కొట్టే ప్రీస్ప్రేలో ఉంది. వ్యాక్యూమ్‌తో దుమ్ము లాగేశాక, అందరూ నడిచే దారిలో చిక్కగా, మంచం చుట్టూ పలుచగా కొడతాడు. బ్రష్షుతో పోగుల్లోకి పట్టించి ఓ పది నిమిషాలు ఆగుతాడు. జిడ్డు వదిలేది ఆ ఆగడంలోనే. ఆరనిచ్చాడో, పని చెడిందే.

ఇప్పుడు కొన్ని ప్రీస్ప్రేలు మురికి వదిలిస్తూనే మరకలనూ అడ్డుకుంటాయి. నైలాన్ పోగులో ఆమ్ల రంగులు అతుక్కునే చోట్లుంటాయి. పిల్లలు ఒలకబోసే ఎర్ర కూల్‌డ్రింకు చేరేది అక్కడికే. ఆ ప్రీస్ప్రేల్లో కలిపిన స్టెయిన్ బ్లాకర్ ముందే వెళ్లి, ఆర్టీసీ బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు, ఆ చోట్లు పట్టేస్తుంది. మన పసుపు దగ్గర మాత్రం దాని పప్పులు అంతగా ఉడకవు.

కడిగేది పోవాలి, కాపాడేది నిలవాలి. ఒకే సీసాలో ఈ రెండూ కుదర్చడం తేలిక కాదు. అందుకని, విడిగా చివర్లో కొట్టే ప్రొటెక్టర్ మీదే నాకు గురి ఎక్కువ. క్షారం మరీ ఎక్కువైన మందు ఫ్యాక్టరీ వేసిన రక్షణనూ దెబ్బతీస్తుంది. అందుకే పనిమంతుడు లేబుల్ మీద పీహెచ్ చూస్తాడు. క్లోజెట్ మూలలో కార్పెట్ మీద నాలుగు చుక్కలు వేసి, తెల్లగుడ్డ అదిమి, రంగు దిగుతోందా అని చూసుకుంటాడు.