గడలు కనబడే వెదురు

పెరట్లో వెదురు నాటినవాళ్లు మొదటి రెండేళ్లు నీళ్లు పోసి మురిసిపోతారు. ఐదో ఏడు వచ్చేసరికి అదే వెదురు ఎండు గడలతో, విరిగిన రెమ్మలతో ముసురుకుపోయి, ‘పాములొస్తాయి, కొట్టించెయ్యండి’ అని పక్కింటివాళ్లు అనేదాకా వస్తుంది. నాటడం తెలిసినంతగా నరకడం మనకు తెలియకపోవడమే దీనికి కారణం. అలంకారపు వెదురు పెంపకంలో పనితనమంతా రంపం దగ్గరే ఉంది.

ఎందుకంటే వెదురు గడ్డిజాతి. వేప, మామిడి మానుల్లా దీని గడ ఏటేటా లావెక్కదు. వానాకాలంలో మొలక ఎంత లావున నేలలోంచి వస్తుందో, ఆ గడ బతికినన్నాళ్లూ అంతే లావు. ఎత్తు కూడా కొద్ది నెలల్లోనే పూర్తవుతుంది. తర్వాత రెమ్మలు, ఆకులు వేసి, రెండు మూడేళ్లలో లోపల గట్టిపడుతుంది. దుబ్బు బలపడే కొద్దీ కొత్తగా వచ్చే మొలకలు పాతవాటికన్నా లావుగా వస్తాయి. కాబట్టి నాటిన ఏడు వచ్చిన సన్న గడలను చూసి దిగులు పడక్కర్లేదు, వాటిని శాశ్వతంగా ఉంచుకోనూ అక్కర్లేదు.

నాలుగో ఏటినుంచి ఏటా ఒకసారి, వానలు వెనకపట్టాక, చలికాలంలో కోత పెట్టుకోండి. ఈ ఏటి గడ మీద తెల్లటి పొడి ఉంటుంది, కణుపుల దగ్గర పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి. ముదిరిన గడ మచ్చలు పడి కళ తప్పుతుంది. మూడు నాలుగేళ్లు దాటినవాటిని, ఎండినవాటిని, తొలినాటి సన్నవాటిని తీసెయ్యాలి. ఈ ఏటివీ, నిరుటివీ ముట్టుకోవద్దు. వచ్చే వానలకు మొలకలెత్తేది ఎక్కువగా వాటి అడుగున ఉండే దుంపల నుంచే. కోత నేలకు దగ్గరి కణుపుకు సరిగ్గా పైన పడాలి. మరీ పైకి కోస్తే మిగిలిన గొట్టంలో నీళ్లు నిలిచి దోమలు పుడతాయి, మొదలు కుళ్లుతుంది. నిలబెట్టిన గడలకు కింది మూడోవంతు రెమ్మలు కూడా కత్తిరిస్తే రంగు బయటపడుతుంది, దుబ్బులోకి వెలుతురు పోతుంది, పాముల భయమూ తగ్గుతుంది. అన్నట్టు, పొరల మీది నూగు తగిలితే ఒకటే దురద. నిండు చేతుల చొక్కా వేసుకోండి.

మన ఎండలకు ఏది నాటాలి? ఎక్కువగా కనబడేది పసుపు గడ మీద ఆకుపచ్చ చారలుండే బంబూసా వల్గారిస్ ‘విట్టాటా’. అందగత్తే, కానీ 30 అడుగులు దాటుతుంది. చిన్న పెరటికి అది వద్దంటాను. దడికి, ఇరుకు చోటుకు బంబూసా మల్టీప్లెక్స్ మేలు. దాని గడలు సన్నం, కోరిన ఎత్తుకు కత్తిరించుకోవచ్చు. బుద్ధ బెల్లీ వెదురుది మరో దారి. కుండీలో వేళ్లకు చోటు ఇరుకై, నీళ్లు పొదుపుగా అందితేనే దాని కణుపుల నడుమ భాగం బొజ్జలా ఉబ్బుతుంది. నేలలో నాటి, ఎరువేసి, నీళ్లు సమృద్ధిగా పెడితే మామూలు వెదురులా నిటారుగా సాగిపోతుంది. గారాబం చేస్తే బొజ్జ రాదన్నమాట! ఇక గాజు గిన్నెలో నీళ్లు పోసి పెట్టుకునే ‘లక్కీ బాంబూ’ అసలు వెదురే కాదు, అది డ్రసీనా.

చారల వెదురును డబ్బు పెట్టి కొనక్కర్లేదు. తెలిసినవాళ్ల పెరట్లో ఏడాది రెండేళ్ల గడ నుంచి రెండు కణుపులున్న ముక్క అడిగి తెచ్చి, తడి మట్టిలో అడ్డంగా పాతితే వేళ్లు పోసుకుంటుంది. ఎండాకాలంలో ఈ పని మొదలుపెడితే తొలకరి తర్వాత నేలలో నాటుకోవచ్చు.

కోసిన గడలు వృథా పోవు. సన్నవి బీరపాదు పందిరికి, టమాటా మొక్కల ఊతానికి, పొడుగువి మునక్కాయలు కోసే దోటికి పనికొస్తాయి. మిగిలినవి బయటికి పంపాలనుకుంటే ఒక మాట: 2017లో భారతీయ అటవీ చట్టాన్ని సవరించి, ‘చెట్టు’ నిర్వచనంలోంచి వెదురును తీసేశారు. అడవి బయట పెంచిన వెదురును కొట్టి తరలించడానికి ఆ చట్టం కింద అనుమతి అక్కర్లేదు.

నర్సరీలో కొనేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇది దుబ్బుగా పెరిగేదా, పాకేదా? ఫిల్లోస్టాకిస్ జాతివి నేలకింద పాకుతూ పోయి గోడ అవతల మొలుస్తాయి. పాకేదని తేలితే, ఎంత ముచ్చటగా ఉన్నా నేలలో నాటకండి.