కరెంటు పోతే తలుపు ఎవరిది?

తాల్‌బగీచాలో మీ ఇల్లు ఉందనుకుందాం. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం వేళ కాల్‌బైశాఖి గాలివాన విరుచుకుపడి కరెంటు పోవడం ఖరగ్‌పూర్ వాళ్లకు కొత్తేమీ కాదు. తడుస్తూ ఇంటికి చేరారు. కారు షెడ్డుకు మోటారుతో లేచే షట్టర్ ఉంది. మీట నొక్కారు, కదలలేదు. వంగి చేతులతో ఎత్తబోయారు, అప్పుడూ కదలలేదు. వీధి చివర కిరాణా కొట్టాయన మాత్రం మోటారు లేని తన షట్టర్‌ను ఒంటి చేత్తో ఎత్తేస్తున్నాడు!

కొట్టు షట్టర్ బరువును పైన చుట్టలో దాగిన స్ప్రింగులు మోస్తాయి. మీ షట్టర్‌ను ఆపుతున్నది బరువొక్కటే కాదు, మోటారు దగ్గరున్న గేర్లు, బ్రేకు కూడా. స్క్రూ జాకీ పిడి తిప్పితే లారీ లేస్తుంది గాని, లారీ నొక్కితే పిడి వెనక్కి తిరగదు కదా! ఇదీ అంతే. తలుపు జారి ఎవరి మీదా పడకుండా ఉండాలంటే ఈ బిగింపు కావాలి. దాన్ని తప్పు పట్టలేం.

తప్పు మరోచోట ఉంది. కరెంటు లేనప్పుడు లాగడానికి ఇలాంటి షట్టర్లకు గొలుసు ఇస్తారు. అమెరికా తరహా గేరేజి తలుపుకైతే ఎర్రపిడి ఉన్న తాడు వేలాడుతుంది. దాన్ని లాగితే మోటారుకూ తలుపుకూ ఉన్న లంకె విడిపోతుంది. బాగానే ఉంది. కాని గొలుసైనా, తాడైనా ఉండేది లోపల! షెడ్డుకు వేరే దారి లేకపోతే బయట ఉన్నవారి గతేమిటి? బయటినుంచి తాళంచెవితో లంకె విప్పే ఏర్పాటు దొరుకుతుంది గాని, చాలాసార్లు దాన్ని విడిగా కొనుక్కోవాలి.

లోపల ఉన్నవారైనా క్షేమమా? 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేగినప్పుడు కరెంటు పోయి, గేరేజి తలుపు తెరవలేక కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఎర్రతాడు అప్పటికి పాత సంగతే. పొగలో, చీకట్లో, వయసు మళ్లిన చేతికి అది అందాలి కదా! 2018లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2019 జూలై 1 నుంచి అక్కడ ఇళ్లకు కొత్తగా అమ్మే, బిగించే మోటార్లకు బ్యాటరీ తోడుండాలి. మంచిదే. అయితే బ్యాటరీ కూడా ఏళ్లు గడిస్తే నీరసించే వస్తువే. నా దృష్టిలో చేతికందే తాడు, సరైన స్ప్రింగు ముందు, బ్యాటరీ తర్వాత.

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా రైల్వే కొలువు చేస్తున్న తెలుగు ఇళ్లలో పెద్దలనడగండి. పట్టాలు మార్చే పాయింట్లను మోటార్లు కదుపుతాయి. అవి మొరాయిస్తే క్రాంక్ హ్యాండిల్‌తో తిప్పుతారు. ఆ హ్యాండిల్‌ను ఎవరి అనుమతితో తీయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. దాన్ని లోపలికి దూర్చేటప్పుడే మోటారుకు విద్యుత్తు తెగిపోతుంది. హఠాత్తుగా కరెంటు వచ్చినా పనివాడి చెయ్యి నలగదు. మోటారు ఆగిపోవడం గురించి అక్కడ ముందే ఆలోచించారన్నమాట. ఇంటి తలుపు విషయంలో ఆ శ్రద్ధ తక్కువ. గొలుసు లాగేముందు స్విచ్చి ఆపాలని చాలాచోట్ల మీరే గుర్తుపెట్టుకోవాలి.

మీ ఇంట్లో తాడున్న తలుపే ఉంటే, పెద్దవాళ్లను తోడుంచుకుని, అది పూర్తిగా మూసి ఉన్నప్పుడే, స్విచ్చి ఆపి తాడు లాగి చూడండి. నడుం ఎత్తుకు లేపితే తలుపు దాదాపు అక్కడే నిలవాలి. జారుతుంటే స్ప్రింగు బలం తగ్గిందన్నమాట. మెకానిక్కును పిలవండి, స్ప్రింగును మీరు తాకకండి. తెరిచి ఉన్న తలుపు తాడును మాత్రం లాగవద్దు. స్ప్రింగు తెగి ఉంటే తలుపు బరువంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది.