ఏ సంవత్సరపు గద్వాల?

మోడల్ రైలు కట్టాలనుకునేవాళ్లు మామూలుగా ఇంజనుతో మొదలుపెడతారు. దుకాణంలోనో, విదేశం నుంచి వచ్చిన బంధువు పెట్టెలోనో ఒకటి కనబడుతుంది, నచ్చుతుంది. దాని కోసం పట్టాలు, పట్టాల కోసం ఊరు తయారవుతాయి. చివరికి తెలుగు బోర్డున్న స్టేషన్లో జర్మనీ ఇంజను వచ్చి ఆగుతుంది. ఆడుకునే పిల్లలకు అది చాలు. ఈ పనిని విద్యగా పట్టుకున్నవాళ్లు మాత్రం ముందు రెండు ప్రశ్నలు తేల్చుకుంటారు: ఏ లైను, ఏ సంవత్సరం? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను తీసుకుని చూస్తే ఆ రెండు ప్రశ్నల బలం ఎంతో తెలుస్తుంది.

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, వనపర్తి రోడ్, గద్వాల, అలంపూర్ రోడ్ మీదుగా కర్నూలు వెళ్లే దారి నిజాం రైల్వే వేసిన మీటర్‌గేజ్. 1951లో నిజాం రైల్వే మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. 1992లో దేశమంతటా పట్టాలను ఒకే వెడల్పుకు మార్చే యూనిగేజ్ పథకం మొదలయ్యాక, ఆ దశాబ్దంలోనే ఇక్కడా బ్రాడ్‌గేజ్ పడింది. 2013లో రాయచూరు లైను తెరుచుకోవడంతో గద్వాల జంక్షను అయింది. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఇదే దారిన పోతోంది. వీటిలో ఏ ఏడు పట్టుకుంటే ఆ ఏటికి తగ్గ మోడల్ బల్ల వేరే కట్టాలి.

1935 అనుకుందాం. బోగీల మీద నిజాం స్టేట్ రైల్వే అక్షరాలుండాలి, స్టేషను బోర్డు మీద ఉర్దూ ఉండాలి. నిజాం రైల్వే బస్సులు నడపడం మొదలుపెట్టింది 1932లో కాబట్టి, ముంగిట్లో రైల్వే వారి బస్సు ఒకటి పెట్టినా తప్పు పట్టేవారుండరు. 1975 అయితే ఆవిరితో నడిచే వైపీ ఇంజను పక్కనే వైడీఎం-4 డీజిలు నిలబడవచ్చు. ముదురు ఎరుపు పెట్టెలు, చేయి వాల్చే సిగ్నళ్లు, బయట ఆర్టీసీ ఎర్ర బస్సు. కర్నూలు బోర్డు మీద ‘టౌన్’ అనే ఉండాలి, ‘సిటీ’ తర్వాతి మాట. ఇప్పటి గద్వాల అయితే పైన కరెంటు తీగలు తప్పవు.

ఇంజనుతో పాటు పొలమూ మారుతుంది. జూరాల ప్రాజెక్టు నీళ్లు రాకముందు ఇక్కడ ఎక్కువగా కనిపించేవి జొన్న, ఆముదం, వేరుశనగ. జూరాల, బ్రాడ్‌గేజ్ రెండూ 1990లలోనే వచ్చాయి. ఆ తర్వాత నడిగడ్డ అనే ఈ గద్వాల ప్రాంతంలో వరి మళ్లు, సీడు పత్తి చేలు కనిపించాలి. 1975 రైలు పక్కన కాలువ కింది వరి పరిస్తే, ఇంజను ఎంత చక్కగా కుదిరినా ఆ బల్ల అబద్ధం చెప్పినట్టే.

కాలం ఎంపిక వెనక లెక్క కూడా ఉంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతలో ప్రతి వస్తువూ అసలు దానిలో 87వ వంతు. ఆ కొలతలో మామూలుగా దొరికే పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే కొన్న పట్టాల మీద మన బ్రాడ్‌గేజ్ రైలు కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. మీటర్‌గేజ్‌ను భాగిస్తే 11.5. స్విట్జర్లాండు కొండ రైళ్ల మోడళ్ల కోసం అమ్మే 12 మిల్లీమీటర్ల పట్టాలు దానికి దాదాపు సరిపోతాయి. పాత గద్వాల లైనును ఎంచుకుంటే పట్టాలు చేత్తో చేసుకునే శ్రమ తప్పుతుంది. పెట్టెలు మాత్రం అట్టతోనో ప్లాస్టిక్ రేకుతోనో కోసి చేసుకోవాల్సిందే.

అసలు కిలోమీటరు ఈ కొలతలో పదకొండున్నర మీటర్లు. ఈ దారిలో కృష్ణా నది మీది వంతెనను ఉన్నదున్నట్టు కట్టాలంటే ఇల్లు చాలదు. కాబట్టి నాలుగైదు గర్డర్లు తీసుకుని, వాటి కింద బండరాళ్లు, ఎండాకాలపు నీటి పాయ చూపిస్తారు. చిన్న గదికి వనపర్తి రోడ్ మేలు. వనపర్తికి దూరంగా మదనాపురంలో ఉన్న స్టేషను అది. ఒక ప్లాట్‌ఫారం, ఒక లూప్ లైను, గూడ్సు పెట్టెలు నిలిపే పక్క పట్టా ఉంటే చాలు. సింగిల్ లైను కావడం వల్ల ఆటంతా ‘క్రాసింగ్’లో ఉంటుంది. ప్యాసింజరును లూపులో నిలిపి ఎక్స్‌ప్రెస్‌ను పోనివ్వాలి. ముందు దారి ఖాళీ అని చెప్పే టోకెను చేతికి రానిదే ఏ బండీ కదలకూడదు. ఇద్దరు మనుషులు స్టేషన్ మాస్టర్లుగా కూర్చుని నియమం ప్రకారం నడిపితే ఆ కాస్త పట్టా మీదే గంట గడిచిపోతుంది.

నేల రంగు డబ్బాలో దొరకదు. నడిగడ్డ నల్లరేగడి, వనపర్తి వైపు ఎర్ర చెల్క అక్కడి నుంచే తెచ్చుకోవాలి. ఎండబెట్టి, టీ వడపోతలో జల్లించి, దాని మీద అయస్కాంతం రెండుమూడు సార్లు తిప్పాలి. ఇనుప రజను అంటుకుని వస్తుంది. అది మిగిలితే ఇంజను మోటారులో చేరి పాడుచేస్తుంది. ఆ పొడి చల్లి, నీళ్లలో కలిపిన ఫెవికాల్‌కు చుక్క సబ్బునీరు చేర్చి డ్రాపర్‌తో వదిలితే మట్టి చెదరకుండా పీల్చుకుంటుంది.

మరి రైలే లేని నాగర్‌కర్నూల్ సంగతి? గద్వాల–మాచర్ల లైను కావాలని ఇక్కడివారు దశాబ్దాలుగా అడుగుతున్నారు. మోడలింగులో రాని లైనును వచ్చినట్టు కట్టే పద్ధతీ ఉంది. లైను ఒక్కటే కల్పన, మిగతాదంతా నిజం కావాలనేది దాని నియమం. అటు చివర గుంటూరు–మాచర్ల లైను కూడా ఒకప్పుడు మీటర్‌గేజే కాబట్టి 1960లలో ఈ రెండూ కలిశాయని ఊహించడం అసంగతం కాదు. అప్పుడు నాగర్‌కర్నూల్ గూడ్స్ షెడ్డులో ఏ బస్తాలు దిగేవి? అచ్చంపేట దగ్గర నల్లమల అంచున పట్టా ఎటు మలుపు తిరిగేది? జవాబు కోసం మ్యాపు, పంటల లెక్క, నేల ఎత్తుపల్లాలు చదవాలి. ఉన్న లైనును కట్టేవాడికి ఫొటో సాయం ఉంటుంది. లేనిదాన్ని కట్టేవాడు ఇంజనీరులా ఆలోచించాలి.

పుణేలో జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినవారికి ఈ పనిలోని నైపుణ్యం తెలుసు. పాలమూరుకు (ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు) దీనివల్ల మరో లాభముంది. మీటర్‌గేజ్ పట్టాలు పోయాయి, వాటి మీద పనిచేసిన గార్డులు, పాయింట్స్‌మెన్ వృద్ధులయ్యారు. సంవత్సరం ఖాయం చేసుకున్నవాడికి వాళ్ల దగ్గరికి వెళ్లక తప్పదు. ‘పాత రోజులు ఎలా ఉండేవి?’ అంటే పొడి మాటలే వస్తాయి. ‘1975లో లూపు ప్లాట్‌ఫారం వైపా, అవతలి వైపా?’ అని అడిగితే కాగితం తీసుకుని గీసి చూపిస్తారు.